చెత్తకుప్పలో పంటను చూసిన శాస్త్రవేత్త – జార్జ్ వాషింగ్టన్ కార్వర్

అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు చెప్పగానే అందరికీ వేరుశనగ గుర్తుకొస్తుంది. వేరుశనగ నుంచి మూడు వందల రకాల వస్తువులు తయారు చేసిన మేధావి అని పుస్తకాలు పొగుడుతాయి. నిజానికి వాటిలో చాలా వస్తువులు బజారుకు రానేలేదు. వేరుశనగ వెన్నను కనిపెట్టింది కూడా ఆయన కాదు. పేద రైతుకు ఆయన చేసిన అసలు మేలు వేరే ఉంది. ఎరువు కొనే స్తోమత లేనివాడికి ఆ ఎరువు చెత్తలోనే దొరుకుతుందని ఆయన చేసి చూపించారు. మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

బాల్యం

కార్వర్ 1864 ప్రాంతంలో మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ గ్రోవ్ దగ్గర ఒక బానిస తల్లికి పుట్టారు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. బానిస బిడ్డ పుట్టినరోజు ఎవరికి కావాలి? తండ్రి ప్రమాదంలో చనిపోయాడు. ఇంకా పసికందుగా ఉండగానే దోపిడీ ముఠా తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. యజమాని మోజెస్ కార్వర్ ఒక గుర్రాన్ని ఇచ్చి బిడ్డను మాత్రం తిరిగి తెచ్చుకోగలిగాడు. తల్లి జాడ ఇక ఎన్నటికీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్ దంపతులే ఆ పిల్లవాణ్ణి పెంచారు. ఒంట్లో బలం లేనందువల్ల పొలం పనికి పంపక ఇంటి పని, పెరటి పని నేర్పారు. వాడిపోయిన మొక్కలను బతికించే నేర్పు అప్పుడే అలవడింది.

చదువు కోసం ఊరూరా

దగ్గరలోని బడి తెల్లవారి పిల్లలది. నల్లజాతి పిల్లల బడి నియోషో ఊళ్లో ఉంది. చిన్న వయసులోనే ఒంటరిగా అక్కడికి వెళ్లి, మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంట్లో పనులు చేస్తూ చదువుకున్నాడు. తరువాత కాన్సాస్ రాష్ట్రంలో బట్టలు ఉతుకుతూ, వంట చేస్తూ హైస్కూలు చదివాడు. 1885లో హైలాండ్ కళాశాల ఉత్తరం ద్వారా సీటు ఇచ్చింది. తీరా వెళ్లాక నల్లజాతివాడని చూసి వెనక్కి పంపేసింది.

ఆయన అక్కడితో ఆగలేదు. 1890లో సింప్సన్ కళాశాలలో, 1891లో అయోవా వ్యవసాయ కళాశాలలో చేరారు. అయోవాలో ఆయనే మొదటి నల్లజాతి విద్యార్థి. మొదట్లో తోటి విద్యార్థులతో కలిసి భోజనానికి కూర్చోనివ్వలేదు. కింది అంతస్తులో పనివాళ్లతో తినమన్నారు. అదే కళాశాలలో 1894లో డిగ్రీ, 1896లో పీజీ పూర్తి చేసి, అక్కడే పాఠాలు చెప్పారు.

టస్కీగీ పిలుపు

అలబామా రాష్ట్రంలో నల్లజాతి పిల్లల కోసం నడుస్తున్న టస్కీగీ విద్యాసంస్థకు రమ్మని 1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలిచారు. ఆయన కూడా బానిసగా పుట్టినవారే. టస్కీగీ ఒక రకంగా మన హాస్టల్ లాంటిదే. పిల్లలు అక్కడే ఉండి, పని చేస్తూ, తినే కూరగాయలు తామే పండించుకుంటూ చదువుకునేవారు.

కార్వర్ వెళ్లేసరికి ప్రయోగశాల లేదు. విద్యార్థులతో కలిసి చెత్తకుప్పలు వెతికి సీసాలు, డబ్బాలు ఏరుకొచ్చి పరికరాలు చేసుకున్నారు. అంతకన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. వ్యవసాయం అంటేనే ఆ పిల్లలకు రోత! తాతముత్తాతలు బానిసలుగా చేసిన పని అది. దాన్ని తప్పించుకోవడానికే చదువుకొస్తే మళ్లీ మట్టిలోకే దిగమంటారా అని వాళ్ల బాధ. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. పీజీ చదివిన కార్వర్ తానే మట్టిలో చేయి పెట్టి, అదే పనిని శాస్త్రంగా నేర్పడంతో మెల్లమెల్లగా వాళ్ల మనసు మారింది.

పైసా ఖర్చు లేని ఎరువు

ఏళ్ల తరబడి పత్తి ఒక్కటే వేసి అక్కడి నేల చచ్చిపోయింది. రైతుల్లో చాలామంది పాలికి చేసేవారు. పండినదాంట్లో సగం భూస్వామికి, మిగిలింది అప్పులవాడికి పోయేది. ఎరువుల బస్తా కొంటే అప్పు మరింత పెరిగేది. అందుకని కార్వర్ డబ్బు అక్కర్లేని దారులు వెతికారు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల్లోని నల్లమట్టి, పశువుల పేడ, కలుపు మొక్కలు, ఇంటి చెత్త, ఇవన్నీ పొరలు పొరలుగా పేర్చి కుళ్లబెట్టించారు. వానకు సారం కొట్టుకుపోకుండా కుప్పకు నీడ ఉండాలని చెప్పారు. పత్తి తరువాత అలసంద, వేరుశనగ వేయించారు. ఆ మొక్కల వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మన మాగాణుల్లో వరి తరువాత మినుము వేయడంలోని మేలు కూడా ఇదే. వీడిన నేలను బాగుచేసే పద్ధతుల మీద 1905లో ఒక చిన్న పుస్తకం కూడా రాశారు.

ఇంటి గడప దాకా పత్తి వేయడం మాని, పెరట్లో కూరగాయలు పెట్టుకోమని ఆడవాళ్లకు నచ్చజెప్పారు. పంది కొవ్వు, మొక్కజొన్న పిండి, పాకం తప్ప మరేమీ ఎరగని ఆ ఇళ్లలో పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు ఉండేది. బడికి రాలేని రైతుల కోసం 1906లో ఒక బండినే బడిగా మార్చి ఊళ్లకు పంపారు. దాని పేరు జెసప్ బండి.

చివరి రోజులు

ఆయన పెళ్లి చేసుకోలేదు. గాంధీజీకి తగిన శాకాహారం గురించి సలహాలు రాసి పంపారు. దాచుకున్న జీతమంతా పరిశోధనల సంస్థకు ఇచ్చేశారు. 1943 జనవరి 5న టస్కీగీలోనే కన్నుమూశారు. ఆ ఏడాదే ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక నల్లజాతి పౌరుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మన హాస్టల్‌కు, మన ఊరికి

మన దేశంలో 1924-31 మధ్య ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ ఇదే కంపోస్టు పద్ధతిని శాస్త్రీయంగా తీర్చిదిద్దారు. సంగం జాగర్లమూడి చుట్టుపక్కల కౌలు చేసే కుటుంబాల పిల్లలకు ఎరువుల బస్తా ఖర్చు ఒకరు చెప్పనక్కర్లేదు. మరి మన మెస్‌లో రోజూ మిగిలే కూరగాయల తొక్కలు, అన్నం ఎక్కడికి పోతున్నాయి?

పద్ధతి తేలికే. నీడలో రెండు గోతులు తీయాలి. ఒకటి నింపుతుంటే రెండోది మాగుతుంది. ఒక వంతు వంటింటి చెత్తకు రెండు, మూడు వంతుల ఎండుటాకులు వేసి, పైన పలచగా మట్టి గానీ పేడ గానీ చల్లాలి. అన్నం ఒక్కటే పోస్తే గాలి ఆడక కంపు కొడుతుంది. ఉప్పు, నూనె ఎక్కువున్న కూరలు, ఎముకలు, ప్లాస్టిక్ కవర్లు వేయకూడదు. గుప్పెట పట్టి పిండితే తడి తగలాలి, నీరు కారకూడదు. వారానికోసారి తిరగేస్తే రెండు, మూడు నెలల్లో మట్టివాసన వచ్చే నల్లటి ఎరువు తయారవుతుంది. మాగని ఎరువు వేస్తే మొక్క దెబ్బతింటుంది, తొందరపడొద్దు. వంగ, బెండ, టమాటా, గోంగూర మడులకు ఇది బంగారం.

మిత్రులారా! చెత్త ఎత్తే పనిని కొందరికే అంటగట్టి, వాళ్లను ఊరి చివరకు నెట్టిన సమాజం మనది. అందుకే ఈ పనిని ఒకరి నెత్తిన వేయకూడదు. వంతులవారీగా అందరం చేయాలి, లెక్కలు రాసుకుంటూ సైన్సు పాఠంగా చేయాలి. అందరితో కలిసి తిననివ్వని చోటనే చదువుకుని, ఆ చదువును పేదవాడి పొలానికి చేర్చిన కార్వర్‌కు మనం ఇవ్వగలిగిన నివాళి అదే. ఇక్కడ చదివి వెళ్లిన అన్నలు, అక్కలు కూడా సెలవు రోజున వచ్చి ఒక చేయి వేస్తే వచ్చే వార్షికోత్సవం భోజనంలో మన మడిలోని కూరే వడ్డించుకోవచ్చు.