యంత్రమర్మజ్ఞుడు జి.డి. నాయుడు

ఉదయవేళ లింగంపల్లి రైల్వేస్టేషను నుండి వేలాది యువతీయువకులు హైటెక్ సిటీ వైపు సాగిపోతుంటారు. వాహనాల ఇంజన్లను నియంత్రించే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవారు కూడా వారిలో ఉన్నారు. ఇంజనులోకి ఎంత గాలి చేరుతున్నదో, అది ఎంత వేడెక్కిందో, ఎంత వేగంతో తిరుగుతున్నదో ఆ కంప్యూటరు సెన్సర్ల ద్వారా గ్రహిస్తుంది. దానిని బట్టి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్ల పాటు తెరచుకోవాలో నిర్ణయిస్తుంది. పొగగొట్టంలో మిగిలిన ప్రాణవాయువును కొలిచి తన లెక్కను తానే సవరించుకుంటుంది. ఇటువంటి జ్ఞానం గ్రామీణులకు అందని కాలంలో, ఒక మోటారు సైకిలునే గురువుగా చేసుకొని యంత్ర రహస్యాలను తెలుసుకున్న తెలుగువాడు జి.డి. నాయుడు.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. వారిది తమిళదేశంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబం. పసితనంలోనే తల్లిని కోల్పోయాడు. బడిచదువు ఆయన మనస్సుకు ఎక్కలేదు. ప్రాథమిక దశలోనే చదువుకు స్వస్తి చెప్పి తండ్రితో పాటు పొలం పనులలో ప్రవేశించాడు.

ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి రడ్జ్ మోటారు సైకిలుపై ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దులు, గుర్రాలు లేకుండా పరుగెత్తే ఆ బండి నాయుడిని ఆశ్చర్యపరచింది. దానిని సొంతం చేసుకోవాలన్న పట్టుదల ఆయనలో కలిగింది. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేశాడు. పైసా పైసా కూడబెట్టి, చివరకు ఆ మోటారు సైకిలును కొన్నాడు.

కొన్న బండిపై ఊరేగడంతో ఆయన తృప్తిపడలేదు. దానిని పూర్తిగా విప్పి, ఒక్కొక్క భాగాన్ని పరిశీలించి, తిరిగి బిగించాడు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. పెట్రోలు ఎక్కువైతే నల్లని పొగ వస్తుంది. తక్కువైతే ఇంజను తడబడుతుంది. ఆనాటి బండ్లలో ఈ పాళ్లను కుదిర్చే సాధనం కార్బ్యురేటరు. ఇరుకైన గొట్టంలో గాలి వేగం పెరిగినప్పుడు పీడనం తగ్గి, పెట్రోలు పైకి లాగబడి గాలిలో కలుస్తుంది. ఇంజను చప్పుడును చెవితో విని, మీటలను చేతితో సవరించుకోవడం నడిపేవాడి బాధ్యత. నేటి కంప్యూటరు చేసే పనిని ఆనాడు మనిషి అనుభవమే చేసేది. ఆ అనుభవమే నాయుడికి విశ్వవిద్యాలయమైంది. ఆయన నేర్పరియైన మెకానిక్కుగా ఎదిగాడు.

మధ్యలో పత్తి వ్యాపారంలో ప్రవేశించి నష్టపోయినా ఆయన కుంగిపోలేదు. కోయంబత్తూరులోని స్టేన్స్ దొర చేసిన సహాయంతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపాడు. ఆ ఒక్క బస్సుతో మొదలైన యూనివర్సల్ మోటార్ సర్వీస్ క్రమంగా ఎన్నో బస్సులు గల పెద్ద రవాణా సంస్థగా విస్తరించింది.

సంపద పెరిగినకొద్దీ నాయుడి దృష్టి పరిశోధనలపైకి మళ్లింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి విద్యుత్ మోటారును రూపొందించాడు. అది మనదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా ప్రసిద్ధి పొందింది. బ్యాటరీతో పనిచేసే క్షురకయంత్రం, మిక్కిలి పలుచని బ్లేడ్లు, కిరోసిన్‌తో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం ఆయన సృష్టించినవే. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని 1941లో ప్రకటించాడు. సామాన్యునికి అందని వస్తువు ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదన్నది ఆయన విశ్వాసం.

బడిని విడిచిన ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయ స్థాపనకు కారకుడు కావడం విశేషం. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట వెలసిన ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. దానికి ఆయన ప్రిన్సిపాలుగా కూడా వ్యవహరించాడు. ఇంజనీరింగు విద్యకు నాలుగేళ్లు అనవసరమని, పనిముట్లు చేతపట్టి నేర్చుకుంటే రెండేళ్లు చాలునని ఆయన వాదించాడు. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. తన నమ్మకాన్ని వదులుకోలేక నాయుడు పదవినే వదులుకున్నాడు.

ఆయనకు ఎదురైన ఆశాభంగాలలో పెద్దది కారుకు సంబంధించినది. 1952లో ఇద్దరు కూర్చొని ప్రయాణించే పెట్రోలు కారును ఆయన రూపొందించాడు. దాని వెల రెండువేల రూపాయలు మాత్రమే. మోటారుకారు సంపన్నుల వైభవంగా ఉన్న ఆ రోజులలో అది మధ్యతరగతి కుటుంబాలకు కూడా అందగలిగినది. కాని దానిని ఉత్పత్తి చేయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆనాడు ఏ పరిశ్రమ ఏ వస్తువును తయారు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. పరిమితమైన వనరులను క్రమపద్ధతిలో వినియోగించడం ఆ విధానపు లక్ష్యం. అది సదుద్దేశమే అయినా, దాని ఫలితంగా ఒక స్వదేశీ చిన్నకారు రోడ్డు మీదికి రాకుండానే ఆగిపోయింది. ఆలోచన ఎంత గొప్పదైనా, దానికి చోటిచ్చే వ్యవస్థ లేకపోతే ఫలించదని ఈ సంఘటన తెలుపుతున్నది.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశాడు. ఆయన సేకరించిన, రూపొందించిన యంత్రాలను కోయంబత్తూరులోని ప్రదర్శనశాలలో చూడవచ్చు.

మనదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాయి. నాటి నుండి కొత్త మోటారు సైకిళ్లలో కూడా దాదాపుగా కార్బ్యురేటరు కనుమరుగై, ఇంధనాన్ని కొలిచే బాధ్యత కంప్యూటరుకు సంక్రమించింది. నాయుడు చేసినట్లు మరలు విప్పినంత మాత్రాన నేటి ఇంజను రహస్యం బోధపడదు. దానిలో సగం ప్రోగ్రాము రూపంలో ఉన్నది. అయినా ఆ ప్రోగ్రాము రాసేవారు సైతం గాలి, ఇంధనం, అగ్ని కలిసి చేసే పనిని ముందుగా అవగాహన చేసుకోవలసిందే. కొన్న వస్తువును వాడి ఊరుకోక, అది ఎలా పనిచేస్తున్నదని ప్రశ్నించే జిజ్ఞాసే విజ్ఞానానికి మూలం. ఆ జిజ్ఞాసకు పేదరికం గాని, చదువులేమి గాని అడ్డు కాజాలవని నిరూపించిన జి.డి. నాయుడి జీవితం విద్యార్థులకు అనుసరణీయం.