మీర్ మహబూబ్ అలీ ఖాన్

మీర్ మహబూబ్ అలీ ఖాన్ (ఆగష్టు 17, 1866 - ఆగష్టు 29, 1911) హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన అసఫ్ జాహీ వంశపు రాజులలో ఆరవ నిజాం. ప్రజలు ఈయనను మహబూబ్ పాషా అని పిలుచుకునేవారు. పాలమూరుకు 1890లో మహబూబ్ నగర్ అని పేరు పెట్టింది ఈయన పేరు మీదుగానే. మానుకోటకు మహబూబాబాదు అనే పేరు కూడా అలాగే వచ్చిందని చెబుతారు. దాతగా ఎంత పేరు పొందాడో, పులుల వేటగాడిగానూ అంత ప్రసిద్ధుడు.

బాల్యము, పాలన

తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించేనాటికి మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్ళయినా నిండని పసివాడు. అందుచేత దివాను మొదటి సాలార్ జంగ్, షంసుల్ ఉమ్రా ఆయన పేరిట రాజ్యభారం వహించారు. పాశ్చాత్య పద్ధతిలో చదువుకున్న మొదటి నిజాం ఈయనే. ఫార్సీ, ఉర్దూలతో పాటు ఆంగ్లం నేర్పించడానికి ఒక ఆంగ్లేయ ఉపాధ్యాయుని నియమించారు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ సమక్షంలో పూర్తి అధికారాలు స్వీకరించాడు. ఆ తరువాత ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది.

వేట

గుర్రపుస్వారీ, తుపాకి గురి ఈయనకు చిన్ననాటి నుండి అలవడిన విద్యలు. ముప్పై మూడుకు పైగా పులులను చంపాడని, అందుకే తీస్ మార్ ఖాన్ అనే పేరు వచ్చిందని ప్రచారంలో ఉంది. సైన్యాధికారి అఫ్సరుల్ ముల్క్ వేటలలో వెంట ఉండేవాడు. ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ ఈ వేటలను చిత్రాలుగా భద్రపరచాడు. నేడు ఆ విడుదుల తీరు మనకు తెలుస్తున్నది చాలావరకు ఆ చిత్రాల వల్లనే.

వేటకు స్థలం ఎంచడంలో మొదట చూసేది నీరు. తెలంగాణ అడవులలో టేకు మొదలైన చెట్లు వేసవికి ఆకు రాలుస్తాయి. చైత్ర వైశాఖాలలో వాగులు ఎండిపోయి, అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగులుతాయి. జింకలు, దుప్పులు ఆ నీటికే రావాలి, వాటి వెనుక పులీ రావాలి. పైగా ఆకులు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది. అందువల్లనే ఎండలు మండే ఏప్రిల్, మే నెలలు పెద్ద వేటలకు అనుకూలమైన కాలమయ్యాయి. వరంగల్లుకు తూర్పున ఉన్న పాకాల అడవులు ఈ లెక్కకు చక్కగా సరిపోయాయి. కాకతి గణపతిదేవుని కాలంలో తవ్వించిన పాకాల చెరువు, చుట్టూ కొండలు, వాటి మీద దట్టమైన అడవి పులులకు అనువైన ఆవాసం.

చోటు తెలిశాక పని షికారీలది. వారు ఇసుకలో అడుగుజాడలు చూసి, పులి తిరిగే బాటలో దున్నదూడను ఎరగా కట్టేవారు. పులి దానిని చంపి తిని, దగ్గరలోనే నీడన పడుకుంటుంది. అప్పుడు చుట్టుపక్కల గ్రామాల జనం డప్పులు, కేకలతో మూడు వైపుల నుండి తోలితే, అది మంచె ఉన్న నాలుగవ వైపుకు వస్తుంది. పులి తిరగబడితే ముందుగా దెబ్బతినేది మంచె మీది దొర కాదు, నేల మీద నడిచే ఈ జనమే. అధికారుల విడుదులకు ఊళ్ళవారు వెట్టి చేయడం ఆనాటి తెలంగాణలో మామూలు. ఈ వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్రజనసంఘం గొంతెత్తడం 1920లలో గాని జరగలేదు.

రైలుమార్గము

నీరు, అడవి ఉన్నంత మాత్రాన ఒక రాజు విడిది కుదరదు. గుడారాలు, గుర్రాలు, వంటసామగ్రి, వందలాది పరివారం చేరాలి. సికింద్రాబాదు నుండి జనగామ, రఘునాథపల్లి, కాజీపేటల మీదుగా సాగే నిజాం రైలుమార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. దానితో అంతవరకు ఎన్నో రోజుల ప్రయాణమైన పాకాల అడవి రాజధానికి దగ్గరయింది. వరంగల్లు దాటాక ఆ మార్గంలో ఉన్న నెక్కొండ అడవికి వాకిలి వంటిది. 1893లో హైదరాబాదు వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండును వేటకు తీసుకువెళ్ళిన తాండూరు కూడా రైలుమార్గం మీది ఊరే. ఇరవై ఒక్క సంవత్సరాల తరువాత ఈ యువరాజు హత్యే మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసింది.

కర్జను వేట

1902 వసంతంలో వైస్రాయి కర్జను హైదరాబాదు వచ్చాడు. వచ్చిన పని బేరారు. 1853 నుండి ఆంగ్లేయుల అధీనంలో ఉన్న ఆ ప్రాంతాన్ని తిరిగి పొందాలని నిజాములు ఎంతకాలంగానో కోరుతున్నారు. ఆ విషయమై నిజాముతో సంభాషణ జరిపిన వైస్రాయికి నెక్కొండ సమీపంలో వేట ఏర్పాటయింది. కర్జను దంపతులు తొలిరోజు వేటలో దొరికిన పులితో నిలుచున్న దీన్ దయాళ్ చిత్రం నేటికీ ప్రసిద్ధం. అదే సంవత్సరం నవంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం బేరారు ఏటా 25 లక్షల రూపాయలకు ఆంగ్లేయులకు శాశ్వత కౌలుగా పోయింది. అతిథికి రాజ్యంలోని మంచి వేటస్థలం దొరికింది గాని, ఆతిథ్యమిచ్చినవానికి బేరారు దక్కలేదు.

చివరి రోజులు

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచి వేలాదిమందిని బలిగొన్నప్పుడు నిజాం బాధితులకు రాజభవనాలను తెరిపించాడు. పాము కరిచినవారు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని జనం నమ్మేవారు. 1911 ఆగష్టు 29న, 45 ఏళ్ళ వయసులో ఫలక్‌నుమా భవనంలో మరణించాడు. మక్కా మసీదులో సమాధి చేశారు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజాం అయ్యాడు.

పాకాల అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో పులుల వేట 1970లో నిషేధింపబడింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నెక్కొండలో ఇప్పటికీ రైళ్ళు ఆగుతాయి.