గిర్మిట్ కూలీల కోసం సముద్రం దాటిన ఆండ్రూస్

కంబదూరు లాంటి కరువు మండలంలో గల్ఫ్ ఏజెంట్ వస్తే అందరూ జీతం ఎంతని అడుగుతారు. అగ్రిమెంట్ కాగితంలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. నూరేళ్ల కిందట అలాంటి కాగితం మీదే పోరాడినాయన సి.ఎఫ్. ఆండ్రూస్.

1871లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. అక్కడ మౌల్వీ జకావుల్లాతో స్నేహం కుదిరింది, తర్వాత ఆయన జీవితచరిత్ర కూడా రాశారు.

1915లో మిత్రుడు పియర్సన్‌తో ఫిజీ వెళ్లారు. మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగోళ్లు కూడా అక్కడి చెరకు తోటల్లో ఉన్నారు. అగ్రిమెంట్ అనే మాటే కూలీల నోట గిర్మిట్ అయింది. దానిమీద వేలిముద్ర వేస్తే ఐదేళ్లు కదలకూడదు. మధ్యలో పని మానేస్తే నేరం, జైలు. మగవాళ్లకు రోజుకు షిల్లింగ్ అని రాసుండేది, చేతికి అంత వచ్చేది కాదు. ఇప్పుడు కఫీల్ పాస్‌పోర్ట్ దాచుకుని, ఇల్లు దాటితే పరారీ కేసు పెడుతున్నాడు. తేడా ఎంత?

ఆండ్రూస్ కూలీ లైన్లలో తిరిగి, చూసిందంతా నివేదికగా రాశారు. 1917లో మళ్లీ వెళ్లారు. ఆ ఏడాదే కూలీల రిక్రూట్‌మెంట్ ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

దీనబంధుగా పేరొందిన ఆయన 1940లో కలకత్తాలో కన్నుమూశారు. 1879లో ఫిజీకి మొదటి కూలీ ఓడ బయల్దేరింది ఆ ఊరి నుంచే.