రాజీ కుదిర్చిన బారిస్టరు

1869లో పోరుబందరున జన్మించిన గాంధీ 1891లో లండనున బారిస్టరయ్యెను. బొంబాయిలో తొలి వ్యాజ్యమున నోరు పెగలక, దానిని వేరొకరికి విడిచెను. 1893లో దాదా అబ్దుల్లా సంస్థ ఆయనను దక్షిణాఫ్రికాకు రప్పించెను. ప్రిటోరియాలో తమ బంధువైన తయ్యబ్ సేఠుపై ఆ సంస్థ 40,000 పౌండ్ల దావా నడుపుచుండెను. వాదించుటకు అనుభవజ్ఞులగు న్యాయవాదులుండిరి. వారికి వ్యవహారమును విశదపరచుటయే గాంధీ పని. ఆయన జమాఖర్చుల పద్ధతి నేర్చి, కాగితములన్నియు పరిశీలించెను. అబ్దుల్లా పక్షమే బలమైనదని తేలెను. కాని వ్యాజ్యము సాగినకొలది ఉభయుల ధనమును కరగిపోవుచుండెను. గాంధీ ఇరువురిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. అబ్దుల్లా గెలిచెను. అయితే 37,000 పౌండ్లు ఒక్కసారి చెల్లింపవలసివచ్చినచో తయ్యబ్ దివాలా తీయును. గాంధీ అబ్దుల్లాకు నచ్చజెప్పి దీర్ఘకాలపు వాయిదాలిప్పించెను. వాదనానేర్పు పలువురికుండును, గెలిచిన పిదప బంధుత్వమును సైతము నిలుపగలవానినే కక్షిదారు వెదకికొనవలెను.