డాక్టరు ఎడ్వర్డు లారీగారు

1847వ సంవత్సరమున ఎడింబరో నగరమందు సింసను అను వైద్యుడు, క్లోరోఫారమును పీల్పించినచో రోగికి నొప్పి తెలియదని కనుగొనెను. లోకమెల్ల సంతసించెను. కాని 1848 జనవరిలోనే ఇంగ్లాండు దేశమున, కాలివ్రేలి గోరు తీయించుకొనుచుండిన హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక ఆ మందు పీల్చిన కొద్ది నిమిషములకే మరణించెను. బాధను పోగొట్టు మందు ప్రాణము నేల తీయవలె? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకిన వారిలో నొకరు మన హైదరాబాదునందు పనిచేసిన లారీగారు.

వీరు 1846లో జన్మించిరి. లాహోరునందు శస్త్రవైద్యము బోధించి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, అచ్చటి వైద్యపాఠశాలకు అధ్యక్షులుగాను వచ్చిరి. అప్పుడు మన కరీంనగరము ఎలగందుల జిల్లాలో నుండెను. ఆదిలాబాదు సీమ సిర్పూరు తాండూరను పేర బరగుచుండెను. లారీగారు స్త్రీలకును విద్య గరపిరి. వారి శిష్యురాలగు రూపాబాయి ఫర్దూంజీ మత్తుమందిచ్చు విద్యలో ఆరితేరిన తొలి మహిళగా ప్రసిద్ధి కెక్కెను.

లారీగారి విధులు మిక్కిలి సామాన్యములు. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడ, రొమ్ము, పొట్టలయందు బిగువైన బట్టలు వదులు చేయవలెను. మందును గాలి చొరనీయు గుడ్డపై చిలికి యీయవలెను. రోగి పెనుగులాడునప్పుడు మోతాదు మించకుండ జూడవలెను. మందిచ్చువాడు శస్త్రమువైపు చూడక, ఊపిరినే కనిపెట్టియుండవలెను. ఊపిరి తడబడినచో వెంటనే దవడను ముందుకు లాగి, అవసరమైన కృత్రిమ శ్వాస కల్పింపవలెను. వీనికి ధనమక్కరలేదు, యంత్రమక్కరలేదు. శ్రద్ధ యొక్కటియే కావలెను.

ఊపిరి ఆగిన పిదపనే గుండె యాగునని వారి నమ్మకము. లండను వైద్యులు దీనిని శంకించిరి. అందుచే 1888లో నొక సంఘమును, 1889లో రెండవ సంఘమును కూర్చి, జంతువులపై పరీక్షలు జరిపిరి. రెండవదానికి నిజాము మహబూబ్ అలీఖానుగారు వేయి పౌనులొసగగా, లాన్సెటు పత్రిక బ్రంటనుగారిని బంపెను. ఈ సంఘము లారీగారి పక్షమునే నిలిచెను.

అయినను సత్యమంతట తెమలలేదు. 1911లో లీవీగారు, మందు చాలీచాలక ఇచ్చినపుడు గుండెయే మొదట నాగవచ్చునని జంతువులయందు నిరూపించిరి. నాడిని చూడనక్కరలేదన్న లారీగారి పట్టుదల పొరపాటని తేలెను. వారు 1901లో హైదరాబాదు విడిచి, 1915లో గతించిరి.

మరి వారిని మేమేల స్మరించుచున్నాము? వారి సిద్ధాంతము సగము చెడినను, వారి అలవాటు నిలిచెను. నేడు శస్త్రశాలయందు మత్తుమందిచ్చు వైద్యుడు వేరొక పని పెట్టుకొనక, ఊపిరిని, నాడిని, రక్తమునందలి ప్రాణవాయువును ఎడతెగక కనిపెట్టుచుండును. విద్యార్థులారా! రోగిని కాపాడునది మన పంతము గాదు, రెప్పవేయని మన కన్ను. లారీగారి జీవితమున ఈ రెంటిని వేరుచేసి గ్రహింతము గాక.