కారు పోయింది.. తాగుడు మిగిలింది

నంద్యాలలో మా ఓపీకి ఈమధ్య ఆళ్లగడ్డ నుంచి ఒక తల్లి పాతికేళ్ల కొడుకును తీసుకొచ్చింది. తిరునాళ్లలో, పెళ్లిళ్లలో మిమిక్రీ చేస్తాడు. టీవీ కామెడీ షోలో కనిపించాలని ఆశ. స్టేజీ ఎక్కే ముందు ధైర్యానికని మొదలైన మందు, ఇప్పుడు పొద్దున లేవగానే పడాల్సి వస్తోంది. లేకపోతే చేతులు వణుకుతున్నాయి. అంతమందిని నవ్వించేవాడికి ఈ బాధేమిటన్నది ఆ తల్లికి అర్థం కాలేదు. ఆమెకు కస్తూరి శివరావు కథ చెప్పాను.

ఈ తరానికి ఆ పేరు తెలియకపోవచ్చు. తెలుగు సినిమాలో స్టార్ అనిపించుకున్న తొలి హాస్యనటుడు ఆయనే. 1913లో కాకినాడలో పుట్టారు. మూకీ సినిమాలు ఆడే రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెబుతూ జనాన్ని నవ్వించేవారు. తర్వాత తానే తెర మీదికొచ్చారు. 1948లో ‘బాలరాజు’, 1949లో ‘లైలా మజ్ను’ ఆయన్ని ఇంటింటికీ చేర్చాయి. అదే ఏడాది చివర్లో కె.వి.రెడ్డి తీసిన ‘గుణసుందరి కథ’లో కథానాయిక భర్త వేషం ఆయనదే. హాస్యనటుడి మీద అంత పెద్ద సినిమా నడవడం అప్పట్లో కొత్త. ఆయన్ని చూడటానికి జనం ఎగబడేవారు. మద్రాసు వీధుల్లో బ్యూక్ కారులో తిరిగారు. 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ సినిమాకు దర్శకత్వమూ వహించారు.

ఎంత వేగంగా పైకెళ్లారో అంతే వేగంగా దిగిపోయారు. ‘గుణసుందరి కథ’లోనే ఆయనతోపాటు నటించిన రేలంగి, ఆ తర్వాతి ఏళ్లలో అగ్రస్థానానికి చేరుకున్నారు. శివరావుకు చిన్న వేషాలే మిగిలాయి. తాగుడు ముదిరింది. డబ్బు, కారు పోయాయి. కారులో తిరిగిన వీధుల్లోనే నడిచి వెళ్లేవారని ఆనాటి వారు రాశారు. 1966లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన పతనానికి తాగుడొక్కటే కారణం అనలేం. సినిమా రంగంలో అవకాశాలు ఎవరికైనా తగ్గుతాయి. కానీ దెబ్బ తగిలినప్పుడు తట్టుకుని లేచే శక్తిని తాగుడు తీసేస్తుంది. ఇంకో మాట. 1948 నుంచి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం ఉంది. అయినా ఆయన తాగుడు ఆగలేదు. దుకాణం మూసినంత మాత్రాన జబ్బు నయం కాదు.

అవును, ఇది జబ్బే. రోజూ తాగేవారి మెదడు మద్యానికి అలవాటుపడి, అది లేకుండా కుదురుగా పనిచేయలేదు. అందుకే మానేద్దామని ఒట్టు వేసుకున్నవారు రెండో రోజే మళ్లీ తాగుతారు. దాన్ని మనం బుద్ధిలేనితనం అంటాం. శివరావునూ లోకం పొగరుబోతు, తాగుబోతు అని చూసిందే గానీ, రోగి అని చూడలేదు.

ఇళ్లలో జరిగే పొరపాటు మరొకటుంది. చాలా ఏళ్లుగా బాగా తాగేవారిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పిస్తారు. ఇది ప్రమాదం. మానేసిన కొన్ని గంటల్లో వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి చలించి, లేనివి కనిపించవచ్చు. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆస్పత్రిలో అయితే మందులతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో ఈ దశను దాటిస్తాం. తర్వాత కోరికను తగ్గించే మాత్రలు, కౌన్సెలింగ్ నెలల తరబడి సాగాలి. మధ్యలో ఒకసారి జారినా చికిత్స మానకూడదు.

మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే మందు కావాల్సి వస్తున్నా, మానితే చేతులు వణుకుతున్నా ఆలస్యం చేయకండి. దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తిట్లు, ఒట్లు పక్కనపెట్టి పక్కన కూర్చుని వెంట రండి.

ఆళ్లగడ్డ కుర్రాడు వార్డులో చేరాడు. అయిదో రోజుకు వణుకు తగ్గింది. ఇంటికి వెళ్లేటప్పుడు, ఇక మందులు అవసరం లేదు కదా అన్నట్టు చూశాడు. అసలు పని ఇప్పుడే మొదలైందని చెప్పి, తల్లి చేతిలో వచ్చే వారం చీటీ పెట్టాను.