చెఱసాలలో రామదాసు

తెలుగువాడు ఏ దీవిలో పుట్టినను భద్రాచల రామదాసు పేరు వినకుండ పెరుగడు. ఆయన అసలు పేరు కంచెర్ల గోపన్న. నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలము. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసనమెక్కెను. ఆయన కొలువున మంత్రులైన అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలు. వారి వలన గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించెను. కబీరుదాసు ఆయనకు తారకమంత్రము ఉపదేశించెనని హరికథలలో చెప్పుదురు. కాశీ కబీరు అంతకు నూరేండ్లకు పైగా పూర్వుడు గనుక ఆ ముచ్చట విడిచితిని.

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రాచలము కలదు. పోకల దమ్మక్క అను భక్తురాలు అచ్చట రాముని విగ్రహములను కనుగొని, పందిరి వేసి పూజించుచుండెనని ప్రతీతి. అది చూచి గోపన్న మనసు నిలువలేదు. ప్రజల వద్ద చందాలు వసూలు చేసి గుడి కట్టింప మొదలిడెను. అవి చాలకపోగా సర్కారునకు చేరవలసిన శిస్తు సొమ్మును సైతము వెచ్చించెను. ఆ మొత్తము ఆరు లక్షల వరహాలందురు. పిల్లలకు కథ చెప్పునపుడు ఈ భాగమును దాటవేయరాదు. ప్రభువు సొమ్మును అనుమతి లేక వాడుట తప్పే.

గోలకొండ కోటలో ఆయన పండ్రెండేండ్లు బందీగా నుండెనని ప్రసిద్ధి. ఆ గది నేటికిని కలదు. గోడపై చెక్కిన బొమ్మలు ఆయన చేతివేయని చూపుదురు. అన్నేండ్లు ఆయన ఊరకుండలేదు. రాముని పిలిచెను, బ్రతిమాలెను. తన మొర విన్నవింపుమని సీతమ్మను వేడెను. రాముడు పలుకకపోగా కోపించెను. ఏ నగ ఎవరికి చేయించెనో, దానికెంత అయ్యెనో లెక్కలు చెప్పి దెప్పెను. మరల, దెబ్బలకోర్వలేక అంటినని మన్నింపు కోరెను. నోరు మెదపక సహించువాడే భక్తుడని కొందరు పెద్దలు చెప్పుదురు. నాకట్లు తోచదు. వినువాడొకడు కలడను నమ్మకము లేనివాడు ఎవరితో తగవులాడును?

ఈ తగవు మన గిర్మిట్ పెద్దలకు బాగుగ తెలియును. 1903 మొదలు 1916 వరకు మదరాసు రేవునుండి ఫిజీ చేరిన మనవారు ఐదేండ్ల ఒప్పందమునకు కట్టుబడి కూలీ లైన్లలో బ్రదికిరి. (ఆ చెఱకు తోటల పెద్ద కంపెనీ ప్రధాన కార్యాలయము మనమిప్పుడు నివసించు ఈ సిడ్నీలోనే యుండెను!) వారు ఎవరి సొమ్మును వాడినవారు కారు, అయినను ఆ బ్రతుకు చెఱయే. నేను అక్షరములను గుడి తరగతిలో నేర్చితిని గాని, రామదాసు కీర్తనలను మాత్రము లైన్లలో పుట్టిన మా అవ్వ నోట వింటిని. ఆమెకు చదువు రాదు. రాముని దెప్పిపొడుచు చరణము వచ్చినపుడు ఆమె గొంతు హెచ్చెడిది.

విడుదల కథ అందరెఱిగినదే. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అను ఇద్దరు యువకులు తానీషా పడకగదిలో ప్రవేశించి, ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరందురు. తెల్లవారి తానీషా గోపన్నను విడిపించెను. దర్శనము తానీషాకు కలిగెను. పండ్రెండేండ్లు పిలిచినవానికి కలుగలేదు. అందులకు గోపన్న చెఱలోకన్న మిక్కిలి దుఃఖించెనని పెద్దలు చెప్పుదురు.

1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొనెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అచ్చటనే మరణించెను. ఆయన ఆరంభించెనని చెప్పబడు ముత్యాల తలంబ్రాలు నేటికిని ప్రతి శ్రీరామనవమికి ప్రభుత్వము తరపున భద్రాచలము చేరుచున్నవి.